ప్రజల ప్రశ్న, పాలకుల జవాబు

ఎన్నికల్లో గెలిచినవారికి అధికారంతో పాటే జవాబు చెప్పే బాధ్యతా వస్తుంది. రాజ్యాంగంలోని 75(3) అధికరణ ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, 164(2) ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఓటరు తీర్పు మామూలుగా ఐదేళ్లకోసారి వస్తుంది. ఆలోపు జరిగే ఖర్చుకూ, తీసుకునే నిర్ణయాలకూ లెక్క చెప్పించుకునే పని సభది. అందుకు సభకున్న సాధనాల్లో ముఖ్యమైనది ప్రశ్నోత్తరాల సమయం.

ఈ హక్కు మెల్లమెల్లగా వచ్చింది. 1861 చట్టం కింద ఏర్పడిన శాసనమండలిలో ప్రభుత్వాన్ని ప్రశ్నించే వీలే లేదు. 1892 చట్టం ఆ వీలు కల్పించింది. మరుసటి ఏడాది మండలి సభ్యుడైన భింగా రాజా వేసిన తొలి ప్రశ్న పల్లెల గురించే. పర్యటనకు వచ్చే అధికారుల మకాములకు సరుకులు సమకూర్చే పద్ధతి వల్ల గ్రామాల దుకాణదారులు పడుతున్న అవస్థను ఆయన లేవనెత్తారు. అయితే వచ్చిన జవాబు మీద మరో ప్రశ్న వేయడానికి అప్పట్లో వీల్లేదు. ఆ అవకాశం 1909 చట్టంతో దక్కింది, అదీ మొదటి ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే.

ఇప్పుడు లోక్‌సభలో ఉదయం 11 గంటలకు, రాజ్యసభలో మధ్యాహ్నం 12 గంటలకు ప్రశ్నోత్తరాలు మొదలవుతాయి. సభ్యులు సాధారణంగా 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. నోటీసులు పెద్ద సంఖ్యలో వస్తాయి కాబట్టి ఏ ప్రశ్న ముందు రావాలో లాటరీ తేలుస్తుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబివ్వాలి. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు చాలు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230 వరకు జాబితాలో చేరతాయి.

తెలుగు శాసనసభల్లో ప్రశ్నకు ఒక మూస ఉంది. ఫలానా విషయం వాస్తవమేనా? అయినచో వివరాలేమిటి? కానిచో కారణాలేమిటి? జవాబుకూ మూస ఉంది: అవునండీ, లేదండీ, ప్రశ్న ఉత్పన్నం కాదు. ఒక ఊళ్లో తాగునీటి పథకం ఆగిపోయిందనుకుందాం. పని నిలిచిపోయిన మాట వాస్తవమేనా అన్నదానికి మంత్రి ‘లేదండీ’ అంటే, మిగతా అంశాలన్నిటికీ ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ముగించవచ్చు. అలా తప్పించుకోకుండా అడ్డుపడేది జవాబు మీద వేసే అనుబంధ ప్రశ్న. పైపులు ఎప్పుడు దించారు, కాంట్రాక్టరుకు ఇంతవరకు ఎంత బిల్లు చెల్లించారు, ట్యాంకులోకి నీళ్లు ఎక్కిన తేదీ ఏది అని సభ్యుడు వరసగా అడిగితే మూస జవాబు నిలవదు.

గట్టిగా పట్టుకుంటే ప్రశ్న ఎంతదూరం పోతుందో ముంధ్రా వ్యవహారం చూపింది. జీవిత బీమాను జాతీయం చేసిన ఏడాదికే, 1957లో, జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను రూ.1.24 కోట్లకు కొన్నది. పాలసీదారుల డబ్బు అలా ఎందుకు పెట్టారని లోక్‌సభలో ప్రశ్నలు లేచాయి. అధికార కాంగ్రెస్ సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ ఈ విషయాన్ని వదలలేదు. ప్రభుత్వం జస్టిస్ ఎం.సి.చాగ్లాతో విచారణ జరిపించింది. విచారణ బొంబాయిలో జనం సమక్షంలోనే సాగింది. ఆర్థికశాఖ కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగపరంగా మంత్రిదే బాధ్యత అని చాగ్లా తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘వివరాలు సేకరించి సభ ముందుంచుతాం’ అంటే అది అక్కడితో తీరిపోదు. లోక్‌సభలో అలాంటి మాటను హామీగా నమోదు చేస్తారు. మూడు నెలల్లో నెరవేర్చాలి. జరిగిందో లేదో చూడటానికి 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది.

ఇన్ని ఏర్పాట్లున్నా ఈ సాధనం మొద్దుబారే సందర్భాలున్నాయి. గొడవతో సభ వాయిదా పడితే ఆ రోజు మంత్రి నోటి జవాబు, దాని మీద అనుబంధ ప్రశ్న రెండూ పోతాయి. 2020 సెప్టెంబరులో కొవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే పక్కనపెట్టి రాతపూర్వక జవాబులతో సరిపెట్టారు. ప్రశ్నను అమ్ముకున్నవారూ ఉన్నారు. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది.

సభ్యుడి ద్వారా కాక పౌరుడే నేరుగా అడిగే దారిని సమాచార హక్కు చట్టం తెరిచింది. అది 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదని చట్టం వచ్చినప్పుడు అందులోని 8వ సెక్షన్ చెప్పింది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వని అధికారికి రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 వరకు జరిమానా పడుతుంది. అయితే ఈ చట్టం కింద వచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే. ఎంత ఖర్చయిందో కాగితం చెబుతుంది. ఆ పని మన ఊరికి ఎందుకు రాలేదో, పక్క ఊరికి ఎందుకు వెళ్లిందో చెప్పాల్సింది నిర్ణయం తీసుకున్న నాయకుడే.

ఆ ‘ఎందుకు’ను ముఖాముఖి అడగగల చోటు గ్రామసభ. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ నివేదిక అక్కడ పెట్టాలి. తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఉపాధి హామీ పనులపై 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన సామాజిక తనిఖీ కూడా ఇలాంటిదే. తనిఖీ బృందాలు ఇల్లిల్లూ తిరిగి, మస్టర్ రోల్‌లో ఉన్న పనిదినాలను కూలీలు చెప్పిన లెక్కతో సరిచూసేవి. తేడాలను మండల స్థాయి ప్రజావేదికలో అందరి ముందు చదివేవారు. సిబ్బంది అక్కడే సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చేది.

ఇంకా పూడని ఖాళీ ఒకటుంది. మంత్రి సభకు, సర్పంచి గ్రామసభకు జవాబు చెప్పాలి. నియోజకవర్గ ప్రజలు అడిగినదానికి ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ ఇన్ని రోజుల్లో బదులివ్వాలని ఏ చట్టమూ చెప్పదు. వారిని మధ్యలో వెనక్కి పిలిచే హక్కూ ఓటరుకు లేదు. కాబట్టి అడిగేవారే పట్టు వదలకూడదు. పని పేరు, మంజూరైన మొత్తం, తేదీ రాసిన కాగితంతో అడగాలి. ఆ ప్రశ్నను సభలో వేయమని తమ సభ్యుడిని కోరాలి. వేశారో లేదో సభ రికార్డులో చూసుకుని, ఓటు వేసేనాడు అది గుర్తుపెట్టుకోవాలి.