సీసా ఊదితే మోగుతుంది.. విమానానికి ఏం పని?

గద్వాల నుంచి హైదరాబాద్ బస్సులో ఎర్రవల్లి దాటాక కిటికీ లోంచి చెయ్యి పెట్టకండి గానీ, ఒకటి గమనించండి. బస్సు గోడను ఆనుకుని గాలి సుడులు తిరుగుతూ రాసుకుంటుంది. బస్సుకు ఈ రాపిడి చిన్న విషయమే. విమానానికి మాత్రం వెనక్కి లాగే బలంలో దాదాపు సగం ఇదే. అంటే బోలెడు ఇంధనం!

దీనికి పరిశోధకులు పరీక్షిస్తున్న ఉపాయం ఒకటుంది: గోడలో సన్నటి రంధ్రాలు, వాటి వెనక చిన్న గదులు. వీటినే హెల్మ్‌హోల్ట్జ్ రెజొనేటర్లు అంటారు. సుడి గాలిని లోపలికి నొక్కితే, గది స్ప్రింగులా తిరిగి నెడుతుంది. టైమింగ్ కుదిరితే సుడి బలం తగ్గుతుంది. కరెంటు అక్కర్లేదు. కుదరకపోతే? రాపిడి ఇంకా పెరుగుతుంది!

ఖాళీ సీసా మూతి మీద ఊదండి. కొన్ని నీళ్లు పోసి మళ్లీ ఊదండి. శబ్దం సన్నబడింది కదా? లోపలి ఖాళీ తగ్గింది, అందుకే. కిటుకంతా ఆ సైజులోనే ఉంది.