కౌలాలంపూర్‌లో పది రింగిట్ల భోజనం ఎక్కడ దొరుకుతుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో కౌలాలంపూర్ తిండి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం కదా. మాటల్లో మలయ్ పేర్లు గబగబా దొర్లిపోతాయి, వినేవాళ్ళకి రాసుకునే టైమ్ ఉండదు. అందుకని ముఖ్యమైనవన్నీ ఇక్కడ నిదానంగా రాస్తున్నాం. ఉద్యోగానికో చదువుకో కొత్తగా దిగినవాళ్ళ కోసం ఇది. రెండు రోజులు ట్విన్ టవర్స్ చూసి వెళ్ళిపోయేవాళ్ళకి దీని అవసరం అంతగా ఉండదు.

ముందు లెక్క చూద్దాం. బుకిట్ బింటాంగ్ వైపు మాల్‌లో కూర్చుని తినే రెస్టారెంట్‌కి వెళ్తే పూటకి పాతిక రింగిట్లు ఇట్టే అయిపోతాయి. రోజుకి రెండు పూటలు, నెలకి ఇరవై ఆరు రోజులు వేసుకోండి, 1,300 రింగిట్లు. అదే పేటలో ఉండే చిన్న హోటల్‌లో పూటకి పది రింగిట్లలో కానిచ్చేస్తే 520. తేడా 780. రింగిట్‌కి ఇరవై రూపాయలు కట్టినా 15,600 రూపాయలు. ఊళ్ళో ఇంటి అద్దె అదే, తమ్ముడి ఫీజూ అదే. 2025 ఫిబ్రవరి నుంచి మలేసియాలో కనీస వేతనం 1,700 రింగిట్లు. అంటే ఆ జీతం మీద బతికేవాళ్ళు మాల్ తిండి తింటే నెల తిరక్కుండానే చెయ్యి ఖాళీ. మరి ఈ ఊళ్ళో లక్షలమంది ఎక్కడ తింటున్నారు? సమాధానం ఏంటంటే, మీ అపార్ట్‌మెంట్ వెనక సందులోనే.

ఫోన్‌లో వెతికితే మాత్రం ఆ సందు కనపడదు. మ్యాప్‌లో 'చౌక రెస్టారెంట్లు' అని కొడితే ముందు వచ్చేవి వేల రివ్యూలున్న దుకాణాలు, అంటే టూరిస్టులు వెళ్ళేవి. జలాన్ అలోర్ చూడ్డానికి బాగుంటుంది, రాత్రిపూట తిరునాళ్ళలా ఉంటుంది, కానీ రోజూ తినే చోటు కాదు. 2022 డిసెంబర్‌లో మిషెలిన్ గైడ్ కూడా కౌలాలంపూర్, పెనాంగ్‌లకి వచ్చింది. అందులో చవకగా బాగా పెట్టే చోట్లకి వేరే జాబితా ఉంది. మంచిదే. కాకపోతే ఒక దుకాణం ఆ జాబితాకెక్కితే లంచ్ టైమ్‌లో అక్కడ క్యూలో నిలబడాలి, గంట బ్రేక్‌లో అది మనవల్ల అయ్యే పని కాదు. ఇంకో చిక్కు ఉంది. ఈ పేటల్లో హోటళ్ళని జనం బోర్డు మీది పేరుతో పిలవరు. 'మార్కెట్ మీద నూడిల్స్', 'బస్టాప్ పక్క నాసి లెమాక్' అంటారు. ఆ మాటలు మ్యాప్‌లో కొడితే ఏం వస్తుంది చెప్పండి.

అందుకని నడవాలి. ఇక్కడ ప్రతి పేటకీ రెండు మూడంతస్తుల దుకాణాల వరసలుంటాయి. కింద కొట్లు, పైన ఆఫీసులో ఇళ్ళో. ముందు వైపు వానకి తడవకుండా నడిచే వసారా ఉంటుంది, దాన్ని కాకి లిమా అంటారు, అంటే ఐదడుగులు. ఈ వరసలో మెయిన్ రోడ్డు వైపు ఉండే మూల కొట్టుకి అద్దె ఎక్కువ. లోపలి వరసకి, వెనక సందుకి వెళ్ళేకొద్దీ ధర తగ్గుతుంది. మెకానిక్ షెడ్లు, ప్రభుత్వాసుపత్రులు, బళ్ళు ఉన్న చోట చుట్టూ చూడండి, రోజూ తినేవాళ్ళుంటేనే నడిచే హోటళ్ళు అక్కడుంటాయి. కూరగాయల మార్కెట్ల పై అంతస్తులో ఫుడ్ కోర్ట్ ఉండటం కూడా మామూలే, తమన్ తున్ డాక్టర్ ఇస్మాయిల్ మార్కెట్ లాగా. 'మెదాన్ సెలెరా' అన్న బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్ళిపోండి. పదిమంది వేర్వేరుగా వండి అమ్మే చోటు అది.

ఇక దుకాణాల రకాలు. నాలుగు తెలిస్తే చాలు, అందులో మనకి దగ్గరి చుట్టం మామక్. తమిళ ముస్లింలు మొదలుపెట్టిన హోటళ్ళివి. మామక్ అనే మాట తమిళంలోని మామ నుంచే వచ్చింది, అంటే మన మామయ్యే. వీటిలో చాలా వరకు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి, కొన్ని ఇరవై నాలుగ్గంటలూ. రోటీ చనాయ్, పప్పు, ఒక తె తారిక్. తె తారిక్ అంటే ఎత్తు నుంచి లాగి పోసే పాల టీ. ఈ మూడూ కలిపి మామూలు పేటలో ఐదు రింగిట్ల లోపే అయ్యే టిఫిన్. నాసి లెమాక్, రోటీ చనాయ్, తె తారిక్‌లతో సాగే ఈ దేశపు పొద్దుటి తిండి అలవాటుని 2024 డిసెంబర్‌లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చైనీయులు, మలయ్‌లు, మనవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే టిఫిన్ అది.

మామక్‌లోనే నాసి కందార్ అని ఇంకోటుంటుంది, అన్నం మీద రకరకాల పులుసులు. కందార్ అంటే కావిడి. పెనాంగ్‌లో పూర్వం ఒక తట్టలో అన్నం, ఇంకో తట్టలో కూర పెట్టుకుని కావిడి మీద మోసుకుంటూ అమ్మేవాళ్ళు, ఆ పేరే నిలిచిపోయింది. 'కువా బంజిర్' అనండి, అన్నం మునిగేలా అన్ని పులుసులూ కలిపి పోస్తారు. మాటకి అర్థం పులుసు వరద అన్నమాట. ఇక్కడే కాస్త జాగ్రత్త. గాజు అద్దం వెనక ఉన్నవాటికి ధరలు ఒకేలా ఉండవు. కోడి ముక్క, గుడ్డు, బెండకాయ వేయించుకుంటే పది, పన్నెండులో అయిపోతుంది. పెద్ద రొయ్య, స్క్విడ్, చేప గుడ్లు వైపు వేలు చూపించారంటే బిల్లు పాతిక దాటొచ్చు. ముక్క చూపించి 'ఇనీ బెరాపా?' అని ముందే అడగండి, ఇదెంత అని. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. ధరలు కనపడేలా రాసిపెట్టాలని ఇక్కడ చట్టమే ఉంది.

చైనీస్ చాప్ ఫాన్ కూడా ఇదే పద్ధతి. ఇరవై ముప్పై ట్రేలు వరసగా ఉంటాయి, అన్నం ప్లేటు పట్టుకుని మనమే వడ్డించుకుంటాం. తూకం ఉండదు, గల్లా దగ్గర ఆంటీ ప్లేటు వైపు ఒక్క చూపు చూసి రేటు చెప్పేస్తుంది. ఒక మాంసం, రెండు కూరలు పెట్టుకుంటే ఎనిమిది నుంచి పది దాకా అవుతుంది. మా లెక్కలో పని మధ్యలో తినేవాళ్ళకి దీన్ని మించింది లేదు. కూరగాయలు ఇంత ఎక్కువగా, ఇంత చవకగా ఇంకెక్కడా దొరకవు.

కోపితియంలో పద్ధతి వేరు. హోటల్ మొత్తం ఒకరిది కాదు. ఓనరు కాఫీ, టీలు అమ్ముతాడు, లోపలున్న బళ్ళని ఒక్కొక్కరికి అద్దెకిస్తాడు. నూడిల్స్‌కి ఒకరికి డబ్బులు, టీకి ఇంకొకరికి. కూర్చోగానే డ్రింక్ ఏం కావాలని అడగడానికి వస్తారు, విసుక్కోకండి, ఆ టీ మీదే అతని బతుకు.

అరటాకు భోజనం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బ్రిక్‌ఫీల్డ్స్, బంగ్సార్‌లలో ఉంటాయి. పూర్వం ఇటుక బట్టీలు ఉండటం వల్ల బ్రిక్‌ఫీల్డ్స్‌కి ఆ పేరు. 2010 అక్టోబర్‌లో మన్మోహన్ సింగ్ వచ్చినప్పుడు లిటిల్ ఇండియాగా ప్రారంభమైంది. అన్నం, కూరలు, రసం, అప్పడాలు అడిగినన్ని వేస్తారు. వెజ్ ఆకు పది, పదిహేను మధ్య ఉంటుంది. మాంసం, చేప వేపుళ్ళు వేరే లెక్క, బిల్లు పెరిగేది వాటితోనే. గోంగూర పచ్చడి, ఆవకాయ కోసం వెళ్తే మాత్రం నిరాశే. మలేసియాలో తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు, పేరా రాష్ట్రంలోని బగాన్ దాతు వైపు తోటల్లో పనికి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. కానీ హోటళ్ళ బోర్డుల మీద వాళ్ళ వంట విడిగా కనిపించడం అరుదు, దక్షిణాది అంటే తమిళ వంటే. 'ఆంధ్ర' అని బోర్డు పెట్టిన చోట్ల ధర ఎక్కువ. నెలకోసారి నాలుక కోసం వెళ్ళండి, రోజూ కాదు.

ఇప్పుడు శాకాహారుల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొత్తలో బ్రెడ్డు, అరటిపండ్లతో రోజులు గడిపేస్తుంటారు. అంత అవసరం లేదు. చైనీస్ బౌద్ధుల వెజిటేరియన్ హోటళ్ళు దాదాపు ప్రతి పేటలో ఉంటాయి. వాటి బోర్డు మీద మన స్వస్తిక్ లాంటి గుర్తు తరచుగా కనిపిస్తుంది. లోపల చాప్ ఫాన్ లాగే వరసగా ట్రేలు, అన్నీ శాకాహారమే. కోడి, చేప ఆకారంలో ఉన్నవి చూసి భయపడకండి, సోయాతోనో గోధుమతోనో చేసినవి. చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు కిటకిటలాడిపోతాయి, ఆ రోజుల్లో చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు.

మామూలు హోటల్‌లో మాత్రం 'సాయుర్' అంటే కూర అని నమ్మేయకండి. కంగ్‌కుంగ్ అనేది మన తూటికూరే, చూడ్డానికి శుద్ధమైన ఆకుకూర. కానీ వేయించేది బెలాచాన్‌తో, అంటే రొయ్యల ముద్దతో. నాసి లెమాక్ మీది సంబల్‌లో చిన్న ఎండుచేపలుంటాయి. మామక్‌లో రోటీతో వచ్చే దాల్చాలో మాంసం ఎముకలు వేసి ఉడికించడం ఉంది, పప్పు కావాలంటే 'పరుప్పు' అని అడిగి మాంసం లేదని ఖాయం చేసుకోండి. గొడ్డు మాంసం తిననివాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోండి. 'దాగింగ్' అంటే డిక్షనరీలో మాంసం, మెనూలో ఎప్పుడూ బీఫే. మటన్‌కి 'కంబింగ్', కోడికి 'అయాం', చేపకి 'ఇకాన్'. మామక్‌లో ఈ పులుసులన్నీ పక్కపక్కనే ఉంటాయి, వరద పోయించుకునే ముందు ఏయే గిన్నెలోంచి పోస్తున్నారో చూసుకోండి. ముస్లిం శ్రోతలకి: 'నో పోర్క్' అన్న బోర్డు, హలాల్ సర్టిఫికెట్ ఒకటి కాదు. సర్టిఫికెట్ ఇచ్చేది జాకిమ్ అనే ప్రభుత్వ సంస్థ, దాని గుర్తు చూడండి.

చవక అంటే శుభ్రం ఉండదేమో అని ఇంట్లో అమ్మలు అడుగుతారు. సిటీ హాల్ హోటళ్ళని తనిఖీ చేసి ఎ, బి, సి అని గ్రేడ్లు ఇస్తుంది, ఆ స్టిక్కర్ గోడ మీద ఉంటుంది. వండి వడ్డించేవాళ్ళు టైఫాయిడ్ టీకా వేయించుకోవాలని, శిక్షణ తీసుకోవాలని నియమం. వీటన్నిటికంటే పనికొచ్చే గుర్తు ఒకటుంది. మధ్యాహ్నం పన్నెండుకి ట్రేలు నిండుగా ఉండి, రెండింటికి ఖాళీ అయిపోతున్నాయా? అయితే పొద్దున వండింది పొద్దునే అయిపోతోందని. రాత్రి ఏడింటికీ అవే ట్రేలు నిండుగా ఉంటే, ముందుకి నడవండి.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే అర్థం తెలుసుకోండి. మామూలుగా సర్వీస్ ఛార్జ్ పది శాతం, పన్ను ఆరు శాతం అదనం. ఇరవై రింగిట్ల వంటకం 23.20 అవుతుంది. ఈ పన్ను ఏడాదికి పదిహేను లక్షల రింగిట్ల వ్యాపారం దాటిన హోటళ్ళకే. సందులోని చిన్న కొట్టులో బోర్డు మీద రాసిందే బిల్లు.

టైమింగ్ సంగతి క్లుప్తంగా. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ వేళ మలయ్ కొట్లు చాలా వరకు ఆగుతాయి. రంజాన్ నెల పగలు మూసే ఉంటాయి, సాయంత్రం బజార్లు తెరుచుకుంటాయి, అప్పుడు వెళ్ళకపోతే ఏడాదంతా బాధపడతారు. చైనీస్ కొత్త సంవత్సరానికి చైనీస్ హోటళ్ళు రోజుల తరబడి ఉండవు. వారానికో రోజు ఒక్కో పేటలో రాత్రి సంత నడుస్తుంది, పసార్ మాలం అంటారు. చెరాస్‌లోని తమన్ కన్నాట్‌లో బుధవారం జరిగేది చాలా పొడవు, ఆకలితోనే వెళ్ళండి.

ఈ కొట్ల వాళ్ళ బతుకు అంత తేలిగ్గా లేదు. అద్దెలు పెరిగాయి, నూనె పెరిగింది, పనివాళ్ళు దొరకడం లేదు. 2023 జనవరి చివర్లో ప్రభుత్వం 'మెనూ రహ్మా' అని మొదలుపెట్టింది, ఐదు రింగిట్లకే పూర్తి భోజనం, హోటళ్ళు తమంతట తామే చేరాలి. చేరిన కొట్టు బయట స్టిక్కర్ ఉంటుంది, నెలాఖరులో ఉపయోగపడుతుంది. కానీ ఆ ఐదు రింగిట్ల భారం చాలావరకు హోటల్ వాడి మీదే పడుతుంది. జేబులో డబ్బులున్న రోజు అదే కొట్టులో మామూలు ప్లేటు తీసుకుంటే బాగుంటుంది, ఇది మా అభిప్రాయం.

చివరిగా నాలుగు మాటలు నోటికి తెచ్చుకోండి. పార్సిల్‌కి 'తాపావ్', మలయ్ కొట్లో అయితే 'బుంగ్‌కుస్'. టీలో చక్కెర తగ్గించాలంటే 'కురంగ్ మానిస్', ఇది చెప్పకపోతే పాయసం వచ్చినట్టే. పాలు లేకుండా 'తె ఓ', పాలూ చక్కెరా రెండూ వద్దంటే 'తె ఓ కోసోంగ్'. మామక్‌లో వడ్డించేవాళ్ళని 'బాస్' అంటారు, తమిళం వచ్చినవాడైతే 'అణ్ణే', మన 'అన్నా' అన్నా పలుకుతాడు. మలయ్ కొట్లో పెద్దావిడని 'మక్‌చిక్' అని, వయసులో కాస్త పెద్దయినామెని 'కాక్' అని పిలవండి. తినడం అయ్యాక చెయ్యెత్తి 'బాస్, కిరా' అంటే వచ్చి ప్లేటు చూసి లెక్క రాసి చీటీ బల్ల మీద పెడతాడు. డబ్బులు గల్లా దగ్గర.