సోలార్ బ్యాటరీ 'జీరో' చూపిస్తోందా? వెంటనే పారేయకండి.. అలాగని తొందరపడి ఛార్జింగూ పెట్టకండి!

కోనసీమలో తుపాను వచ్చినా, గోదావరి పొంగినా ముందు పోయేది కరెంటే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం సమీపంలో తీరం దాటినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల పరిస్థితీ అంతే. అలాంటి రోజుల్లో సోలార్ ప్యానెల్, లిథియం బ్యాటరీ ఉన్న ఇంట్లో కనీసం లైటు వెలుగుతుంది, ఫోన్ ఛార్జ్ అవుతుంది.

కానీ ముసురు నాలుగైదు రోజులు వదలకపోతే ప్యానెల్‌కి ఎండ తగలదు. బ్యాటరీ అడుగంటిపోతుంది. చిక్కేంటంటే.. తర్వాత ఎండ కాసినా అది లేవదు. మీటర్ పెడితే సున్నా. 'డెడ్ అయిపోయింది, కొత్తది కొనాల్సిందే' అంటారు. నిజంగా అంతేనా?

జీరో అంటే చచ్చిపోయినట్టు కాదు

లిథియం ప్యాక్ లోపల బీఎంఎస్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఇదే బ్యాటరీకి కాపలాదారు. సోలార్ వ్యవస్థల్లో ఎక్కువగా వాడే ఎల్ఎఫ్‌పీ రకంలో ఒక్కో సెల్ సాధారణంగా 3.2 వోల్టులు. అలాంటివి నాలుగు వరుసగా కలిపితే 12.8 వోల్టుల ప్యాక్. ఏ సెల్ అయినా సుమారు 2.5 వోల్టులకు పడిపోతే బీఎంఎస్ లైన్ కట్ చేసేస్తుంది. అందుకే బయట మీటర్‌కి సున్నా కనిపిస్తుంది. లోపల సెల్స్‌లో మాత్రం ఇంకా కాస్త ప్రాణం ఉంటుంది.

మరి ఎండ వచ్చాక ఎందుకు ఎక్కదు? చాలా సోలార్ ఛార్జ్ కంట్రోలర్లు ముందు బ్యాటరీ వోల్టేజ్ చూసుకుని, ఆ తర్వాతే ఛార్జింగ్ మొదలుపెడతాయి. సున్నా కనిపిస్తే 'బ్యాటరీయే లేదు' అనుకుని ఊరుకుంటాయి.

అసలు ప్రమాదం ఆలస్యంలోనే

లైన్ కట్ చేశాక కూడా బీఎంఎస్ తన కోసం కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఉదాహరణకు 20 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. రెండు మూడు రోజులైతే ఫర్వాలేదు. వారాల తరబడి మూలన పడేస్తే సెల్ వోల్టేజ్ ఇంకా కిందికి జారిపోతుంది. అప్పుడు సెల్ లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి సెల్‌ని మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి వేరేచోట పేరుకుని లోపలే షార్ట్ సర్క్యూట్ కావొచ్చు. మంటలు రేగే ప్రమాదం అక్కడే ఉంది.

కాపాడుకోవడం ఎలా?

1. ముందు లోడ్ మొత్తం తీసేయండి. ప్యాక్ ఉబ్బిందా, వాసన వస్తోందా, నీళ్లలో మునిగిందా చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఛార్జింగ్ ఆలోచనే వద్దు. ముఖ్యంగా వరద నీరు, ఉప్పు నీరు తగిలిన ప్యాక్ పైకి ఆరినట్టు కనిపించినా నమ్మొద్దు.

2. ఒక్కో సెల్ వోల్టేజ్ ఎంతుందో తెలియాలి. ప్యాక్‌కి బ్లూటూత్ ఉంటే, అది ఇంకా పనిచేస్తుంటే ఫోన్ యాప్‌లోనే కనిపిస్తుంది. లేకపోతే తెలిసిన టెక్నీషియన్ చేతే చూపించండి. 2 వోల్టుల కంటే దిగువన ఉన్న సెల్‌తో ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

3. 2 వోల్టుల పైన ఉంటే.. జీరో వోల్ట్ నుంచి 'మేల్కొలిపే' సదుపాయం ఉన్న లిథియం ఛార్జర్‌తో, బీఎంఎస్ ద్వారానే, మెల్లగా ఎక్కించాలి. 100 ఏహెచ్ ప్యాక్‌కైతే 5 ఆంపియర్లు మించకుండా. ప్రతి సెల్ 3 వోల్టులు దాటాకే మామూలు స్పీడు.

4. దగ్గర మనిషి ఉండాలి. ప్యాక్ వేడెక్కితే వెంటనే ఆపేయాలి. మంచం పక్కన, గడ్డివాము దగ్గర, తాటాకు పాకలో అస్సలు పెట్టొద్దు.

5. ఫుల్ అయ్యాక ఒక రోజు లోడ్ లేకుండా వదిలేసి మళ్లీ చూడండి. మిగతా వాటికంటే ఒక సెల్ బాగా పడిపోయి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఈ రెండూ మాత్రం చేయకండి

బీఎంఎస్‌ని బైపాస్ చేసి నేరుగా సెల్స్‌కి వైర్లు తగిలించడం, ఇంకో నిండు బ్యాటరీతో 'జంప్' ఇవ్వడం. రెండో పద్ధతిలో కరెంటు ఒక్కసారిగా దూసుకెళ్తుంది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీల ఛార్జర్ కూడా దీనికి పనికిరాదు.

వచ్చే తుపానుకి ముందే..

వాతావరణ హెచ్చరిక రాగానే బ్యాటరీ ఫుల్ చేసి పెట్టుకోండి. బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి లంకల్లో అయితే బ్యాటరీని వరద నీరు అందనంత ఎత్తులో పెట్టడం ముఖ్యం. ముసురు రోజుల్లో ఫ్యాను ఆపి లైటు, ఫోన్‌కే వాడుకోండి. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం లిథియం అని సెట్ చేసి, సుమారు 12 వోల్టుల దగ్గరే లోడ్ ఆగేలా పెట్టించుకోండి. అప్పుడు బీఎంఎస్ కట్ చేసేదాకా పరిస్థితి రాదు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో ఉంచి, వైర్లు విడదీయండి.

పనికిరాని ప్యాక్‌ని కాలవలోనో చెత్తకుప్పలోనో పడేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ సంస్థలదే. కొన్న షాపులోనే అడగండి.

ఒక్క మాటలో.. బ్యాటరీ సున్నా చూపించిన రోజే కదలండి. మూడో రోజుకి బతికేది నెల తర్వాత బతక్కపోవచ్చు. అప్పుడు దాన్ని బతికించబోతే ఇంటికే ముప్పు.