పెళ్లి ఫొటోలకి మొదటి లెన్స్ ఏది కొనాలి?

జీలకర్ర-బెల్లం పెట్టే ఘట్టం ఎంతసేపు ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? అడ్డుతెరకి అటూ ఇటూ ఉండి ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టడం, తెర దించగానే ఇద్దరి చూపులూ కలవడం. పట్టుమని పది సెకన్లు. ఆ పది సెకన్లలో పంతులుగారు, అమ్మాయి తల్లిదండ్రులు, వీడియో అన్న, లైటు పట్టుకున్న కుర్రాడు, ఫోన్లు పైకెత్తిన పిన్నులూ బాబాయిలూ అందరూ మండపంలోనే ఉంటారు. మనకి దొరికేది పీటల ముందు మీటరో, మీటరున్నరో జాగా. లెన్స్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఈ జాగా గురించే.

నేను ఈ పనిలోకి లైట్ బాయ్‌గా వచ్చాను. రెండు సీజన్లు లైటు మోశాకే చేతికి కెమెరా వచ్చింది. ఈ మధ్య ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, 70-200 కొంటున్నా. అమ్మ గాజులు తాకట్టు పెడతానంది" అన్నాడు. తన దగ్గరున్నది క్రాప్ సెన్సర్ బాడీ, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్స్. "ఆ లెన్స్ మంచిదేరా. కానీ నువ్వు నిలబడేది ఎక్కడ?" అని అడిగాను. క్రాప్ బాడీ మీద 70 ఎంఎం దాదాపు 105లా కనిపిస్తుంది. మీటరున్నర దూరం నుంచి తీస్తే ఫ్రేములో పెళ్లికూతురి మొహం, భుజాలు పడతాయి. పెళ్లికొడుకు బయటే ఉండిపోతాడు. వెనక్కి జరిగావా, మధ్యలోకి ఎవరో ఒకరు వస్తారు. అమ్మ గాజులు బీరువాలో ఉండగానే ఈ లెక్క చూసుకోవాలి.

ముందు ఫోన్‌తో కొలవండి

దీనికి పైసా ఖర్చు లేదు. ఈసారి చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, ఫొటోగ్రాఫర్‌కి అడ్డం రాకుండా, ఫోన్ కెమెరా తెరవండి. చాలా ఫోన్లలో 1ఎక్స్ అంటే 24 నుంచి 26 ఎంఎం చూపు. 2ఎక్స్ అంటే సుమారు 50, 3ఎక్స్ అంటే 75 దగ్గర. మండపం దగ్గర ఎందులో ఇద్దరూ సరిపోతున్నారు? హాలు చివర నుంచి ఎందులో మొహాలు తెలుస్తున్నాయి? భోజనాల దగ్గర? ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. ఈ లెక్కలన్నీ ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి. మీది క్రాప్ బాడీ అయితే 1.5తో, కెనాన్ అయితే 1.6తో భాగించండి. అంటే ఫోన్ 2ఎక్స్ చూపు మీ కెమెరాలో 32 ఎంఎం దగ్గర వస్తుంది.

మీకు తెలిసిన సీనియర్ ఉంటే ఆయన తీసిన ఒక పెళ్లి ఫోల్డర్ చూపించమనండి. ప్రతి ఫొటో వివరాల్లో ఎన్ని ఎంఎం దగ్గర తీశారో ఉంటుంది. నేను నా పెళ్లిళ్లు అలా లెక్కేస్తే ఎక్కువ ఫొటోలు 24కీ 70కీ మధ్యే ఉన్నాయి.

ఎఫ్ నంబర్ తగ్గితే వెలుగు పెరుగుతుంది

మన ముహూర్తాలు చాలావరకు రాత్రిళ్లూ తెల్లవారుజామునే. కెమెరాతో వచ్చే 18-55ని 55 దగ్గరికి జూమ్ చేస్తే ఎఫ్ 5.6కి పడిపోతుంది. అదే ఎఫ్ 2.8 లెన్స్ లోపలికి నాలుగు రెట్లు వెలుగు పంపుతుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్‌వో 6400 పెట్టాల్సిన చోట 1600తో సరిపోతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులు, బియ్యం గాల్లో ఆగినట్టు కనపడాలంటే షటర్ సెకనులో 500వ వంతు దాకా పెట్టాలి. అక్కడ ఈ నాలుగు రెట్ల వెలుగే కాపాడుతుంది.

మరి ఎఫ్ 1.8 ఇంకా మంచిదేగా అంటారా? వెలుగుకి మంచిదే. కానీ ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం లెన్స్‌తో, ఎఫ్ 1.8 దగ్గర, రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. అంటే మూడు నాలుగు వేళ్ల వెడల్పు. పెళ్లికూతురు ఒక్కతే అయితే అందంగా ఉంటుంది. జంటలో ఒకరు కాస్త వెనక్కి కూర్చున్నారా, వాళ్లు మసకే.

మొదటిది జూమ్, రెండోది ప్రైమ్

అందుకే నా మాట ఇది. మొదటి డబ్బులు ఎఫ్ 2.8 ఉన్న మామూలు జూమ్ మీద పెట్టండి. ఫుల్ ఫ్రేమ్‌కైతే 24-70, లేదా టామ్రాన్ 28-75 లాంటివి. క్రాప్ డీఎస్ఎల్ఆర్‌కి సిగ్మా 17-50, క్రాప్ మిర్రర్‌లెస్‌కి సిగ్మా 18-50, టామ్రాన్ 17-70 లాంటివి చూడండి. మీ కెమెరా మౌంట్‌కి సరిపోయేదేనా అని అడిగాకే డబ్బులివ్వండి. కాళ్లు కడగడం నుంచి బిందెలో ఉంగరం తీసేదాకా ఈ ఒక్క లెన్స్‌తో నడిచిపోతుంది. గ్రూప్ ఫొటోలు మాత్రం 24 దగ్గర తీయకండి. చివర నిలబడ్డ అత్తయ్యలు అడ్డంగా సాగిపోతారు. జాగా ఉంటే వెనక్కి జరిగి 35 దాటాక తీయండి.

రెండోది 50 ఎంఎం ఎఫ్ 1.8. కెనాన్, నికాన్, సోనీ మూడింటిలోనూ చవకగా దొరికే లెన్సుల్లో ఇదొకటి. క్రాప్ మీద పోర్ట్రెయిట్‌కి బాగా కుదురుతుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ముహూర్తం టైముకి జూమ్ మొరాయిస్తే చేతిలో మరో లెన్స్ ఉండాలి. మూడు ముళ్లు మళ్లీ వేయమని ఎవరినీ అడగలేం.

70-200 అవసరమే పడదా? పడుతుంది. చర్చి పెళ్లిలో పాస్టర్‌గారు దగ్గరికి రానివ్వకపోతే, అప్పగింతలప్పుడు తండ్రీకూతుళ్లని దూరం నుంచి తీయాలంటే దాన్ని మించింది లేదు. ఆ రోజుకి అద్దెకి తెచ్చుకోండి. ఎఫ్ 2.8ది కిలో నుంచి కిలోన్నర బరువుంటుంది. ముందురోజే తెచ్చి చేతికి అలవాటు చేసుకోండి. నెలనెలా అద్దె కడుతూనే ఉన్నారంటే, అప్పుడు కొనడం గురించి ఆలోచించండి.

సెకండ్ హ్యాండ్ అయితే

లెన్స్‌కి ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ కొట్టి రెండోవైపు నుంచి చూడండి. ఒకటి రెండు ధూళి కణాలు ఫర్వాలేదు. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. మీ కెమెరాకే తగిలించి, తక్కువ వెలుగులో ఫోకస్ పడుతుందో లేదో చూశాకే బేరమాడండి.

ఫొటోలు ఇచ్చేశాక ఏ కుటుంబమూ నన్ను ఏ లెన్స్ వాడావని అడగలేదు. ఒకింటి వాళ్లు మాత్రం పెళ్లయిన కొన్నాళ్లకి ఫోన్ చేసి, తాతయ్యగారి ఫొటో ఒక్కటి విడిగా ఉంటే పంపమన్నారు. ఆయన పోయారట. భోజనాల దగ్గర, అరిటాకు ముందు నవ్వుతుండగా 50 ఎంఎంతో తీసింది ఒకటి ఉంది. దాన్నే పటం కట్టించుకున్నారు. అప్పటికి నా దగ్గర ఉన్నవి ఈ రెండు లెన్సులే.

ఇక ఆషాఢం. పెళ్లిళ్లుండవు, వానలుంటాయి. బ్యాగులో మూసి పెట్టేసిన లెన్స్‌కి ఫంగస్ పట్టేది అప్పుడే. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, వారానికోసారి బయటికి తీసి ఇంట్లోవాళ్లని నాలుగు ఫొటోలు తీయండి. లెన్సూ బాగుంటుంది, శ్రావణం ముహూర్తాలకి చెయ్యీ తిరుగుతుంది.