నీటికుక్కకు, మడచెట్టుకు ఒకే కష్టం

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు పెద్దలు. నీటికుక్క విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. మడచెట్టు విషయంలో కాదు. ఒకటి జంతువు, ఒకటి చెట్టు. రెండూ ఏటినీరు, సముద్రపునీరు కలిసేచోట బతికేవే.

నీటికుక్క పెద్ద ముంగిసలా ఉంటుంది. బరువు ఏడు నుంచి పదకొండు కిలోలు. కాలివేళ్ల నడుమ బాతుకున్నట్టు పొర ఉంటుంది. మునిగేటప్పుడు ముక్కు, చెవులు మూసుకుంటుంది. గుంపు కట్టి చేపలను తరుముతుంది. ఉప్పునీటిలో వేటాడినా తాగడానికి, బొచ్చుకు పట్టిన ఉప్పు కడుక్కోవడానికి దానికి మంచినీరు కావాలి. మన రాష్ట్రంలో గోదావరి, కృష్ణ ముఖద్వారాల మడ అడవుల్లో ఇవి ఉన్నాయి.

మడచెట్టు మంచినీటి కోసం ఎక్కడికీ పోలేదు. అందుకే ఉప్పును వేళ్ల దగ్గరే చాలావరకు అడ్డుకుని, లోపలికి వచ్చినదాన్ని ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. బురదలో గాలి ఆడదు గనుక, మేకుల్లాంటి వేళ్లను పైకి లేపి ఊపిరి పీలుస్తుంది.

ఆ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతలు పెరుగుతాయి. అవి ఉంటేనే మన వలకు చేప, నీటికుక్కకు తిండి. వలలో చేప తింటుందని, వల చింపుతుందని నీటికుక్క మీద పల్లెకారులకు కోపం. ఆ నష్టం నిజమే. కాని ఒక నీటికుక్క తినే చేప ఎంత? మడ నరికితే పోయే చేప ఎంత?

కండలేరు క్రీకు పొడవునా 1990 తర్వాత రొయ్యల గుంటలు విస్తరించాయి. 1994లో తెగులు వచ్చి రైతులు దెబ్బతిన్నారు. తీరం వెంబడి గుంటలు తొలగించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తమిళనాడులోని పిచ్చావరం దగ్గర మడ అడవి వెనుక ఉన్న పల్లెలకు నష్టం తగ్గింది.

నీటికుక్కను పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అయితే చట్టం ఒక్కటే చాలదు. గుంట తవ్వేవారు క్రీకు ఒడ్డున మడను ముట్టుకోకుండా వదలాలి. కాలువల మంచినీరు ఏటిముఖం దాకా చేరనివ్వాలి. చెట్టుకు, జంతువుకు కావలసింది ఇంతే. మన వలకు కావలసిందీ ఇదే.