గ్రాఫిక్స్ కార్డుకూ ఎండ దెబ్బ.. చవకలోనే ఉపశమనం

మిర్యాలగూడ: వైశాఖ ముహూర్తాలు ముగిశాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఫొటో స్టూడియోలకు అసలు పని మొదలవుతుంది. గంటల కొద్దీ తీసిన పెళ్లి వీడియోను మిక్సింగ్ చేసి గడువులోగా పెళ్లివారికి అందించాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పని నత్తనడకన సాగుతుంది. మరీ ముదిరితే తెర నల్లబడి, రాత్రంతా చేసినది మళ్లీ మొదటికొస్తుంది. గ్రాఫిక్స్ కార్డు కాలిపోయిందని వేల రూపాయలు పోసి కొత్తది కొనేవారూ ఉన్నారు. నిజానికి అది చెడిపోయి ఉండకపోవచ్చు, వేడి బయటకు పోయే దారి మూసుకుపోయి ఉండవచ్చు.

కార్డులోని చిప్ వేడి థర్మల్ పేస్టు గుండా హీట్‌సింక్ రేకులకు చేరుతుంది. ఫ్యాన్ దానిని గాలిలోకి నెడుతుంది. అయితే గదిలోని గాలి కన్నా చల్లబరచడం ఏ ఫ్యాన్‌కూ సాధ్యం కాదు. చలికాలంలో 25 డిగ్రీల గదిలో 68 డిగ్రీల వద్ద ఉన్న చిప్, ఫ్యాన్ వేగం మారకుంటే, 42 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు 85కు చేరుతుంది. ఎన్‌విడియా జీటీఎక్స్ 10 శ్రేణి కార్డులు సాధారణంగా 83 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి.

మొదట చూడవలసినది దుమ్ము. రైస్‌మిల్లుల పట్టణమైన మిర్యాలగూడలో ఊక దుమ్ము రేకుల మధ్య చేరి గాలిని అడ్డుకుంటుంది. కరెంటు తీసేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకొని బ్లోయర్‌తో ఊదాలి. కొన్నేళ్లు వాడిన కార్డులో పేస్టు ఎండిపోయి ఉంటుంది. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పలుచగా రాయాలి. మెమరీ చిప్‌ల మీది మెత్తని ప్యాడ్లు చిరగకుండా చూసుకోవాలి. వారంటీ ఉన్న కార్డును మాత్రం విప్పకపోవడమే మేలు.

కార్డు సొంత ఫ్యాన్లు అరిగిపోతే వాటిని, పైనున్న ప్లాస్టిక్ తొడుగును తొలగించి, క్యాబినెట్లకు వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లను కేబుల్ టైలతో హీట్‌సింక్‌కు బిగించవచ్చు. కొన్ని వందల రూపాయల్లో పూర్తయ్యే పని ఇది. గాలి రేకుల వైపు వీచేలా అమర్చి, తీగను మదర్‌బోర్డులోని ఫ్యాన్ పిన్నులకు కలపాలి. చూపుకు మోటుగా ఉన్నా పెద్ద ఫ్యాన్ తక్కువ శబ్దంతో ఎక్కువ గాలినిస్తుంది.

పైసా ఖర్చులేని ఉపాయమూ ఉంది. ఉచితంగా లభించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో విద్యుత్ పరిమితిని 80 శాతానికి తగ్గిస్తే, పని వేగం కాస్త తగ్గినా వేడి గణనీయంగా దిగుతుంది.

కిటికీ తెరిచి నీటి కూలర్ పెడితే ఇక్కడి పొడి ఎండల్లో గది బాగానే చల్లబడుతుంది. కొందరు దానిని నేరుగా సీపీయూ వైపే తిప్పుతారు. అది ప్రమాదకరం. తేమకు దుమ్ము తోడై బోర్డు మీద బురదలా పేరుకుంటుంది. గడువు మరీ దగ్గరపడితే తప్ప, మే నెలలో బరువైన రెండరింగ్‌ను రాత్రి పది తర్వాత పెట్టుకోవడమే ఉత్తమం.