ఎగువ నీరు, దిగువ బతుకు

మనముంటున్న బహ్రెయిన్‌లో నది లేదు. సౌదీ వైపు నుంచి భూగర్భంలో వచ్చే నీరే పూర్వం ఇక్కడ ఊటలై పొంగేది. సముద్రం అడుగున పుట్టే మంచినీటి ఊటల్లో ముత్యాల వేటగాళ్ళు దాహం తీర్చుకునేవారు. అటూ ఇటూ బోర్లు వేసి తోడేయడంతో ఊటలు ఎండాయి, ఉప్పు చేరింది. నేడు మన కుళాయిల్లో వచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే.

కృష్ణా డెల్టా వాణ్ణి కనుక నాకిది కొత్త కథ కాదు. 1976లో బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించింది. కాగితం మీద లెక్క సరిపోయింది. కాని వానలు తగ్గిన ఏడు ముందు ఆలమట్టి, నారాయణపూర్ నిండాలి. పిదప శ్రీశైలం, సాగర్. చివరికి ప్రకాశం బ్యారేజి. ఈలోగా నాట్లు ఆలస్యమై, వరి వెనక చల్లే మినుముకు అదను తప్పుతుంది. దివిసీమ బోర్లలోనూ ఉప్పునీరే.

ఎగువన బిజాపూరు రైతుకూ కరవే, కాదనలేం. 2014 తరువాత ఆ 800 కోసం తెలుగువాళ్ళమే రెండు రాష్ట్రాలుగా వాదించుకుంటున్నాం. ఎన్ని టి.ఎం.సి.లన్నదే కాదు, ఏ నెలలో ఎన్ని వదలాలన్నదీ తేలాలి. పండుగకు ఒకే పంక్తిలో కూర్చునే మనం ఈ మాట మన ఊళ్ళలోనూ చెబుదాం.